రసం దొర దుకాణంలో మా అత్త

పోయిన నెల మా మనవడు నన్ను మలాయా రేవు పట్టణమైన జార్జ్ టౌన్‌కు తీసుకువెళ్ళాడు. వాడికి అక్కడ ఏదో ఆఫీసు పని ఉంది. అమ్మమ్మ పుట్టి పెరిగిన ఊరు కదా అని నన్ను కూడా కారెక్కించాడు. పని అయ్యాక రేవు వెనక సందుల్లో నెమ్మదిగా నడిచాం. మేమున్న వరస ఇళ్ళు ఇప్పుడు లేవు. అక్కడ కార్లు నిలుపుకుంటున్నారు. చూసి నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. ఎనభై దగ్గర పడ్డాక ఇళ్ళు పోవడం కొత్త సంగతి కాదు. ఆ పక్క సందులో ఒక చీనా ఆయన పాత సామాన్ల దుకాణం పెట్టుకున్నాడు. ఎండగా ఉందని లోపలికి వెళ్ళాం. గోడకు, వీణను నిలబెట్టినట్టుగా, ఒక పొడవాటి చెక్క సామాను వేలాడుతోంది. కడుపు దగ్గర గుండ్రటి పళ్ళెం, దాని మీద ముల్లు, చుట్టూ ఇంగ్లిషు అక్షరాలు. "గడియారం చెడిపోయింది లా, అమ్మమ్మా. ఒకటే ముల్లు" అన్నాడు మనవడు. మాట చివర మలాయి 'లా' తగిలించే వాడి తెలుగు అంతవరకే. అది గడియారం కాదనీ, బరామీటరనీ, గాలి మన నెత్తిన ఎంత బరువు పెడుతోందో చెబుతుందనీ చెప్పాను. పళ్ళెం పచ్చగా ధగధగలాడుతోంది. తానే మూడు రోజులు కూర్చుని తోమానని దుకాణం ఆయన గర్వంగా చెప్పాడు. కాని ఆ పళ్ళెం అలా మెరవకూడదు. అది వెన్నెల రంగులో, మెరుపు లేని తెలుపులో ఉండాలి. ఆయన మూడు రోజులు కష్టపడి తోమేసింది మురికిని కాదు, వెండిని. సరిగ్గా ఇదే పని మా అత్త ఒక పూటలో చేసింది. ఆమె బతుకు అక్కడినుంచి మరో దారి పట్టింది.

మా అత్త పేరు అప్పలనరసమ్మ. నాన్నకు చెల్లెలు. తెలుక్ ఇంటాన్‌ను అప్పట్లో తెలుక్ ఆన్సన్ అనేవారు. ఆ ఊరి అవతల రబ్బరు తోటలో ఆమెనిచ్చారు. పెళ్ళయిన మూడో ఏడు మామయ్య జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. తోటలో కొన్నాళ్ళు ఒంటరిగా రబ్బరు చెట్ల పాలు గీసి, ఇక ఉండలేక, ఒక రేకు పెట్టె పట్టుకుని పడవ ఎక్కి మా ఇంటికి వచ్చేసింది. నాన్న రేవు ఆఫీసులో లస్కరు. జెండాలు ఎగరెయ్యడం, దించడం, దొరల గదులు తుడిచి సర్దడం ఆయన పని. మా ఇల్లు ఒక గది, ఒక వంటసాల. తెల్లవారుజామున అమ్మ గంజి వార్చే వాసనా, పక్కింటి మలాయి అమ్మ బెలాచాన్ అనే రొయ్యల ముద్ద కాల్చే వాసనా కలిసి మమ్మల్ని లేపేవి. అందులోకి అత్త వచ్చి చేరింది. అమ్మ ఆమెను కాదనలేదు, రమ్మనీ అనలేదు. చాప పరిచి ఇచ్చింది. నాలుగు రోజులయ్యాక, ఊరికే కూర్చుంటే ఒళ్ళు కుళ్ళిపోతుందని అత్తే అంది. నాన్న ఆఫీసులో విచారించి రేవు వెనక ఒక ముసలి తెల్లదొర ఇంట్లో తోమే పని కుదిర్చాడు.

ఆ దొర అసలు పేరు టామ్లిన్. ఊళ్ళో మనవాళ్ళెవరూ ఆ పేరు అనేవారు కారు. పాదరసంతో పని చేస్తాడు కనుక రసం దొర అనేవారు. అరవవాళ్ళు దాన్ని ఇంకోలా అర్థం చేసుకుని, దొర రోజూ మిరియాల చారు తాగుతాడేమో అని నవ్వుకునేవారు. కింద దుకాణం, మేడ మీద ఇల్లు. దుకాణం ముందు కాకీ లిమా అనే నీడ నడవలో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు రిక్షావాళ్ళు కునుకు తీస్తుండేవారు. లోపల నాలుగు గోడలకూ బరామీటర్లు. కొన్ని వీణల్లా, కొన్ని సన్నగా చేతికర్రల్లా, కొన్ని ఓడల్లో వేలాడదీసే ఇత్తడి గొట్టాలు. అన్నీ ఇంగ్లండు నుంచి వచ్చినవే. తోటల మేనేజర్లూ, బాంకు దొరలూ, వాళ్ళతో సమానంగా ఉండాలనుకునే చీనా పెద్దలూ తమ ఇళ్ళ హాళ్ళలో వాటిని తగిలించుకునేవారు. ఈ దేశపు తేమకు చెక్క ఉబ్బేది, ముల్లు లాగే పట్టుదారం కుళ్ళేది, గొట్టంలోకి గాలి దూరేది. అప్పుడు రసం దొర దగ్గరికి తెచ్చేవారు.

పనిలో చేరిన రెండో వారమో మూడో వారమో, దొర మేడ మీద నిద్రపోతుండగా, బల్ల మీద విప్పి పెట్టిన ఒక పళ్ళెం అత్తకు కనిపించింది. మాసినట్టు తెల్లగా ఉంది. ఇత్తడి అని అంచు చూసి తెలుసుకుంది. ఇత్తడిని అలా ఉంచితే దొర తిడతాడేమో అని, చింతపండూ బూడిదా పెట్టి పచ్చటి బంగారంలా వచ్చేదాకా తోమేసింది. దొర దిగి వచ్చి చూశాడు. పని పోయిందనుకుని అత్త చీపురు మూల పెట్టి చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన మాత్రం ఆ పళ్ళేన్ని కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి తిప్పి తిప్పి చూశాడు. ఎక్కడా గీత లేదు. అంచుల్లోనూ, అక్షరాల మూలల్లోనూ కూడా మరక లేదు. తరవాత బజారులో అందరూ మాట్లాడే మలాయిలో, ఇంత శుభ్రంగా తోమిన చెయ్యి వెండి కూడా ఎక్కించగలదు, రా, అన్నాడట. ఒక సీసాలోంచి తెల్లటి పొడి తీశాడు. వెండిని ఆమ్లంలో కరిగించి చేసిన పొడి అది. అందులో ఉప్పూ, ఇంకో పుల్లటి పొడీ కలిపి, తడి గుడ్డతో ఇత్తడి మీద గుండ్రంగా రుద్దమన్నాడు. అత్త రుద్దుతుంటే చేతి కింద ఇత్తడి తెల్లబడుతూ వచ్చింది. "పెలాన్, పెలాన్" అంటూ దొర పక్కనే నిలబడ్డాడట. మెల్లగా, మెల్లగా అని. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అత్త అన్నం తినకుండా ఆ సంగతే చెప్పింది. ఆమె అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడడం మేము చూడడం అదే మొదటిసారి.

తోమే పనికి ఇంకొకరిని పెట్టుకుని, అత్తను బల్ల దగ్గర కూర్చోబెట్టాడు దొర. పట్టుదారం కట్టడం, చెక్కకు లక్క పూత వెయ్యడం, పాదరసాన్ని మెత్తటి మేకతోలులో మూటకట్టి పిండి వడగట్టడం ఒకటొకటిగా నేర్చుకుంది. తోలులోంచి రసం వెండి వానలా గిన్నెలోకి రాలుతుందని మాకు చెప్పేది. దొర చెప్పిన కబుర్లు కూడా మాకు మోసుకొచ్చేది. లండన్‌లో వాళ్ళ సందు నిండా ఈ పనివాళ్ళేనట. గాజు ఊదేవాడొకడు, చెక్క కోసేవాడొకడు, అక్షరాలు చెక్కేవాడొకడు. చాలామంది తాతలు ఇటలీ కొండల్లోంచి గాజు గొట్టాలు వీపున కట్టుకుని నడిచి వచ్చినవాళ్ళు. దొర తాత కూడా అలా వచ్చినవాడే. ఇంగ్లిషు పేరు పెట్టుకుని ఇంగ్లిషువాడైపోయాడు. వీళ్ళందరూ కలిసి చేసిన సామాను మీద చివరికి పేరు చెక్కించుకునేది మాత్రం పెద్ద వీధిలో అద్దాల దుకాణం పెట్టుకున్నవాడు. చేసినవాళ్ళ పేరు ఎక్కడా ఉండదు. అది విని నాన్న నవ్వాడు. అత్త నవ్వలేదు. "మనోళ్ళు తోటలో పాలు గీసినట్టే కదన్నియ్యా. డబ్బా మీద పేరు కంపెనీదే" అంది.

ఆ ఇంగ్లిషు బరామీటర్లకు ఈ దేశంలో పెద్ద పని లేదని కూడా అత్త ద్వారానే తెలిసింది. పళ్ళెం మీద తుఫాను, వాన, మార్పు, నిర్మలం అని రాసి ఉంటుంది. అది లండన్ ఆకాశానికి రాసిన మాట. మన దగ్గర ముల్లు పొద్దున పది గంటలకు కాస్త ఎక్కి, సాయంత్రం నాలుగు గంటలకు కాస్త దిగుతుంది. వాన కురిసినా అంతే, ఎండ కాసినా అంతే, సముద్రపు పోటూ పాటూ లాగా. ఈ సంగతి దొర కొనడానికి వచ్చినవాళ్ళకు చెప్పేవాడు కాదు, అడిగితే దాచేవాడూ కాదు. నిజంగా దాని అవసరం ఉన్నది ఓడలకే. అండమాన్లు దాటి బంగాళాఖాతంలో పడ్డ ఓడకు, పాదరసం దిగడమొక్కటే ముందుగా వచ్చే కబురు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. అత్త సాయంత్రాలు ఇంటికి వచ్చి చీర కొంగు దులిపితే అప్పుడప్పుడు రసం పూసలు రెండు మూడు నేల మీదికి రాలేవి. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అవి నాకు ఆటవస్తువులు. అరచేతిలో వేసుకుంటే చల్లగా, బరువుగా, ఒక చోట నిలవకుండా పరుగెత్తేవి. రెండు కలిస్తే ఒకటయ్యేవి. ఒకరోజు మధ్యాహ్నం అమ్మ చాప మీద నిద్రపోతోంది. ఆమె పుస్తెలు మెడ పక్కగా జారి చాప మీద పడి ఉన్నాయి. గుండ్రటి ఆ బంగారపు బిళ్ళ మీద పూస నిలుస్తుందో జారుతుందో చూద్దామని వదిలాను. జారలేదు. అంటుకుపోయింది. వేలితో తుడవబోతే ఇంకా పరుచుకుంది. చూస్తుండగానే రెండు పుస్తెలూ తెల్లగా, సీసపు బిళ్ళల్లా అయిపోయాయి. నేను లేచి బయటికి పోయి, నూతి దగ్గర ఆడుకుంటున్న పిల్లల్లో కలిసిపోయాను.

అమ్మ లేచి చూసుకుంది. నాన్న ఆ రోజు రేవు లాంచీలో దూరం వెళ్ళాడు. సముద్రం మీద మగడు, మెడలో తెల్లబడ్డ పుస్తెలు. అమ్మ కేకలు వెయ్యలేదు. వాకిట్లో గడప మీద కూర్చుని రేవు వైపు చూస్తూ ఉండిపోయింది. వంట చెయ్యలేదు. పొద్దువాలాక అత్త వచ్చింది. అమ్మ పుస్తెలు పైకెత్తి చూపించింది. "నీ బతుకు తెల్లగయిపోయినాది సాలదేటి నర్సమ్మా, నా మెడ కూడా తెల్లగ సేసినావా?" అంది. నేను తలుపు వెనక ఉన్నాను. అత్త పుస్తెల వైపు చూసి, తరవాత నా వైపు చూసింది. నా వేళ్ళ సందుల్లో ఇంకా తళుకు ఉంది. అత్త కళ్ళు తిప్పుకుంది. "నా కొంగులోది రాలిపడుంటాదొదినా. నాదే తప్పు" అంది.

ఆ రాత్రి నాన్న క్షేమంగానే ఇంటికి వచ్చాడు. అమ్మ మెడలో పసుపుకొమ్ము కట్టుకుని పుస్తెలు విప్పి ఇచ్చింది. తెల్లారి అత్త వాటిని దొర దగ్గరికి తీసుకువెళితే, ఆయన బొగ్గుల మీద కాచి రసాన్ని ఆవిరిగా ఎగరగొట్టి, మెరుగుపెట్టి ఇచ్చాడు. మునుపటి బంగారమే. అమ్మ కళ్ళకద్దుకుని వేసుకుంది. కాని ఆ రసం అంటిన చీర తన ఇంటి దండెం మీద ఆరకూడదని అంది. ఉద్యోగం మానెయ్యి, లేదా వేరే చోటు చూసుకో అని మాట. నాన్న ఎటూ తేల్చలేక తల వంచుకున్నాడు. అత్త రేకు పెట్టె తీసుకుని దుకాణం వెనక గదికి వెళ్ళిపోయింది. దొరకు డెబ్బై దాటాయి, మేడ మీద ఒక ముసలి చీనా వంటామె ఉంది. అయినా వెధవరాలు దొర దుకాణంలో కాపురం పెట్టిందని ఊళ్ళో మనవాళ్ళు అనవలసినవన్నీ అన్నారు. అమ్మ ఆ మాటలకు అవుననలేదు, కాదనలేదు. నేను కూడా నోరు విప్పలేదు. విప్పాలని ప్రతిరోజూ అనుకుని, ప్రతిరోజూ మానేశాను. చిన్నతనంలో భయం ఎంత క్రమశిక్షణ గలదో అప్పుడు తెలిసింది.

ఏడాది గడిచింది. ఆదివారాలు నాన్నతో కలిసి దుకాణానికి వెళ్ళేదాన్ని. దొర చేతులు అప్పటికి బాగా వణుకుతున్నాయి. టీ కప్పు సాసరులో గలగలమనేది. కళ్ళకు తెల్లపొర కమ్మింది. పని మొత్తం అత్తదే, పేరు మాత్రం దొరది. సామాను తెచ్చిన దొరలకు రసం దొరే ముందు గదిలో కుర్చీలో కూర్చుని సమాధానం చెప్పేవాడు, అత్త వెనక గదిలో బల్ల దగ్గర ఉండేది. అలా జరుగుతుండగా ఒక ఓడ కెప్టెన్ తన బరామీటరు తెచ్చాడు. గొట్టం పగిలింది. ఆ ఓడ రంగూన్ మీదుగా మన విశాఖ రేవుకూ, కాకినాడకూ పోతుంది. అక్కడి కూలీలు డెక్కు మీద కూర్చుని వచ్చేది దాంట్లోనే. నాన్న కూడా తన ఇరవయ్యో ఏట అలాంటి ఓడలోనే వచ్చాడు. మూడు రోజులు తుఫానులో పైతలుపులు మూసేసి మనుషుల్ని బస్తాల్లా ఉంచారని ఆయన చెప్పేవాడు. ఈ గొట్టం తను నింపలేనని దొర అత్తతో అన్నాడట. పంపించెయ్యమంటే పంపించేస్తానన్నాడు. నేనే నింపుతాను అని అత్త అంది.

గొట్టం రెండు మూరల పొడవు. లోపల గాలి బుడగ ఒక ఆవగింజంత ఉన్నా లెక్క తప్పుతుంది. అందుకని రసం కొద్దికొద్దిగా పోస్తూ, ప్రతిసారీ బొగ్గుల మీద గొట్టాన్ని తిప్పుతూ, రసం మరిగి లోపలి గాలి బయటికి పోయేదాకా కాచాలి. వేడి ఎక్కువైతే గాజు పగులుతుంది, తక్కువైతే గాలి మిగిలిపోతుంది. మేము వెళ్ళిన ఆదివారం అత్త ఆ పనిలో ఉంది. మమ్మల్ని గుమ్మం దగ్గరే ఆగమంది. ఒక చేత్తో తాటాకు విసనకర్ర, ఇంకో చేతిలో గుడ్డ చుట్టిన గొట్టం. నుదుటి చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు. దొర పక్కన స్టూలు మీద కూర్చుని, చూడలేడు కనుక, కళ్ళు మూసుకుని వింటున్నాడు. సరిగ్గా అప్పుడే కెప్టెన్ వచ్చాడు. ముందు గదిలో ఎవరూ లేక నేరుగా లోపలికి వచ్చేశాడు.

ఆయన ఇంగ్లిషులో అన్నదంతా నాన్న తరవాత మాకు చెప్పాడు. అరవైమంది ఖలాసీలూ, వెయ్యిమంది కూలీలూ ఉండే ఓడకు ఒక కూలీ ఆడది నింపిన గొట్టం పెడతావా అని అడిగాడట. దొర లేవలేదు. పని అయ్యేదాకా ఉండి, ఆ తరవాత అరవమన్నాడట. అత్తకు వాళ్ళ మాటలు తెలియలేదు, తెలిసినా తల ఎత్తేది కాదు. చివరి పోత అయ్యాక గొట్టాన్ని చల్లారనిచ్చి, మూతి మూసి, రసం గిన్నెలో తలకిందులుగా నిలబెట్టి, మెల్లగా వంచింది. రసం పై కొనకు వెళ్ళి గాజుకు తగిలింది. టక్కుమంది. రాయి మీద గోరు కొట్టినట్టు పొడిగా, గట్టిగా. లోపల గాలి ఉంటే ఆ చప్పుడు మెత్తగా వస్తుంది. దొర కళ్ళు తెరిచి, విన్నావా అన్నట్టు కెప్టెన్ వైపు తల తిప్పాడు. కెప్టెన్ వినే ఉంటాడు. కాని చప్పుడు మీద ఓడ నడపనన్నాడు. బరామీటరును రేవు ఆఫీసులో సర్కారు బరామీటరు పక్కన రెండు వారాలు వేలాడదీసి, రోజూ రెండు పూటలా పోల్చి చూస్తానన్నాడు. తప్పితే అక్కడున్న దొరలందరికీ ఈ దుకాణం సంగతి చెబుతానని కూడా అన్నాడు. అదే జరిగితే దొర దుకాణం మూతపడేది, అత్త మళ్ళీ తోటకు పోవలసి వచ్చేది. ఆ సంగతి మా అందరికీ తెలుసు.

రేవు ఆఫీసులో ఆ రెండు బరామీటర్లూ వేలాడే గది తుడిచేది నాన్నే. అంకెలు ఆయనకు వచ్చు. మొదటి సాయంత్రం ఇంటికి రాగానే పొయ్యి దగ్గరున్న అమ్మ వెనక్కి తిరక్కుండానే, "ఇయ్యాల?" అని అడిగింది. ఏడాదిగా అత్త పేరెత్తని మనిషి. నాన్న, ఎంటికి వాసి, అంటే వెంట్రుకంత, తేడా ఉంది, అన్నాడు. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నాన్న ఆదివారం దొర చెప్పిన మాట చెప్పాడు. తేడా ఉండడం తప్పు కాదట. రోజూ అదే తేడా ఉంటే మంచి సామాను. తేడా రోజురోజుకూ మారితేనే లోపల గాలి ఉన్నట్టు. అప్పటినుంచి రోజూ సాయంత్రం అమ్మ అదే ప్రశ్న, నాన్న అదే జవాబు. "అదే తేడా." ఆరో రోజున వాన కుండపోతగా కురిసింది. ఆ రోజు కూడా అదే తేడా. ఆ రాత్రి అన్నాల దగ్గర నేను ఉండబట్టలేకపోయాను. పుస్తెల మీద రసం వేసింది నేనని చెప్పేశాను.

అమ్మ కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నన్ను చూడలేదు కూడా. ఆ రోజు నర్సమ్మ నీ వైపు చూసిందా అని మాత్రం అడిగింది. చూసిందన్నాను. మర్నాడు పొద్దున్నే బజారుకు పోయి ఎండు నెత్తళ్ళూ వంకాయలూ తెచ్చింది. అది అత్తకు ఇష్టమైన పులుసు. కారియరులో పెట్టుకుని నన్ను వెంటబెట్టుకుని, ఎన్నడూ గడప తొక్కని ఆ దుకాణానికి నడిచింది. అత్త బల్ల దగ్గర లేచి నిలబడింది.

"ఇంటికి రా నర్సమ్మా. గుంట సెప్పినాది" అంది అమ్మ.

అత్త నా తల మీద చెయ్యి వేసింది. "సిన్నపిల్ల, దానికేటి తెల్సు" అంది. తరవాత అమ్మతో, "నీ మీద కోపం నేదొదినా. మొదట్లో ఉండీది. ఇప్పుడు నేదు. గాని నాను రాను" అంది.

"ఎందుకు రావు?"

"ఇక్కడ పొద్దున్న లేసి ఏటి సెయ్యాలో నాకు తెల్సు. ఎవులూ సెప్పక్కర్నేదు. తోటలో కూలీల మేస్త్రీ కంగాణీ సెప్పీవోడు, ఇంట్లో నువ్వు సెప్పీదానివి. ఇక్కడ ఆ దొర కూడా ఇప్పుడు నన్నే అడుగుతాడు."

అమ్మకు ఆ జవాబు నచ్చలేదనే అనుకుంటాను. తాను చేసిన తప్పు దిద్దుకోవడానికి వచ్చింది. దిద్దుకునే అవకాశం అత్త ఇవ్వలేదు. తాను గెంటేస్తే చేరిన చోటే ఆమెకు బాగుందంటే, గెంటినందుకు క్షమించమని ఎలా అడగాలో అమ్మకు తెలియలేదు. కారియరు బల్ల చివర పెట్టి, రసం గిన్నెకు దూరంగా జరిపి, వచ్చేసింది. ఆ తరవాత వారానికి రెండుసార్లు కారియరు వెళ్ళేది. రెండు వారాలూ పూర్తయ్యేసరికి తేడా ఎంటికి వాసి దాటలేదు. కెప్టెన్ వచ్చి బరామీటరు తీసుకుపోయాడు. మంచిదని అనలేదు, క్షమించమనీ అనలేదు. కాని ఆ ఏడాది ఆఖరున ఇంకో రెండు ఓడల సామాన్లు ఆ దుకాణానికే వచ్చాయి. తెచ్చినవాళ్ళు ముందు గదిలో ఆగకుండా వెనక గదిలోకి వచ్చి అత్త బల్ల మీదే పెట్టిపోయారు.

దొర అటుపైన మూడు నాలుగేళ్ళు బతికాడు. పోయేముందు నెలల్లో అత్తే ఆయనకు గంజి తాగించేది, ఆ చీనా ముసలామె బట్టలు మార్చేది. ఆయన పోయాక లండన్‌లో ఉన్న ఎవరో బంధువు సామానంతా వేలం వెయ్యమని ఉత్తరం రాశాడు. వేశారు. అప్పటికే రసం అక్కర్లేని డబ్బా బరామీటర్లు వచ్చేశాయి. అరచేతిలో పట్టేవి, కింద పడ్డా పగలవు. వెనక గదికి వచ్చిన కెప్టెన్లు దొర ఉన్నంతకాలమే వచ్చారు. దొర కుర్చీ ఖాళీ అయ్యాక, పని చేసేది అదే చెయ్యని తెలిసినా, ఆమెను వెతుక్కుని ఎవరూ రాలేదు. అత్త కొన్నాళ్ళు ఒక చీనా గడియారాల ఆయన దగ్గర పళ్ళేలకు వెండి ఎక్కించింది. తరవాత చేతులు వణకడం మొదలుపెట్టాయి. మొదట సూదిలో దారం ఎక్కలేదు. తరవాత గ్లాసు నిలవలేదు. అప్పుడు రేకు పెట్టె తీసుకుని ఇంటికి వచ్చింది. అమ్మ చాప పరిచి ఇచ్చింది, మొదటిసారి ఇచ్చినట్టే.

మా మనవడు చదివిన బడిలో ఒకసారి జ్వరం చూసే గాజు పుల్ల పగిలింది. ఉన్నది చిటికెడు రసం. దాని ఆవిరి విషమని పిల్లలందర్నీ మైదానంలోకి పంపేసి, చేతికి తొడుగులు వేసుకున్న మనుషులు వచ్చి ఏరారు. వాడు ఆ సంగతి చెబుతుంటే, నేను దాన్ని అరచేతిలో పరిగెత్తించిన మధ్యాహ్నాలు గుర్తొచ్చి నా చెయ్యి చూసుకున్నాను. అప్పటివాళ్ళు అమాయకులనీ ఇప్పటివాళ్ళు తెలివిగలవాళ్ళనీ అనను. మా కాలంలో ఎవరికి ఏది తెలియాలో ముందే పంచేసి ఉండేది. కూలికి ఆవిరి, దొరకు లెక్క. ఆ పంపకంలో దొర కూడా తన చేతులు పోగొట్టుకున్నాడు కాబట్టి, ఆయన్ను ఎటు వైపు నిలబెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను బడిలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో ఒక పుస్తకంలో పాదరసం ఆవిరి గురించి చదివాను. చేతులు వణకడం, పళ్ళు కదలడం, నిద్ర పట్టకపోవడం. అత్తకున్నవన్నీ వరసగా అందులో ఉన్నాయి. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ అత్తకు అన్నం పెడుతోంది. అప్పటికి అత్త చెయ్యి నోటిదాకా వెళ్ళేది కాదు. రోజూ రెండు పూటలా అమ్మే ముద్దలు కలిపి పెట్టేది. నేను పక్కన కూర్చుని చదివింది చెప్పాను. దొరకు ఇది తెలుసా అని అడిగాను.

"తెల్సే ఉంటాది. ఆళ్ళ నాయన సేతులు కూడా ఇలగే ఒణికీవని ఆయనే ఒకపాలి సెప్పినాడు" అంది అత్త.

"మరి నీకెందుకు చెప్పలేదు?"

అత్త ఒళ్ళో ఉన్న చేతులు తమ పాటికి తాము వణుకుతున్నాయి. వాటిని ఎవరివో చేతుల్లా చూస్తోంది.

"సెప్పినా నాను మానీదాన్నేటి?" అంది.

"మానీదానివి కావు" అంది అమ్మ, ముద్ద ఆమె నోటికందిస్తూ. "తిను. సల్లారిపోతాది."